వాడిపోకముందే గీయాలి: పాత ఓడల చిత్రకారుల పద్ధతిలో మన తీరం మొక్క, మన తీరం చేప

ఇంటర్లో బైపీసీ చదివినవాళ్ల ఇంట్లో అటక మీద వెతికితే బోటనీ రికార్డు ఒకటి దొరుకుతుంది. అందులో మందార పువ్వు నిలువుకోత బొమ్మ తప్పకుండా ఉంటుంది. ఆ బొమ్మ వేసినవాళ్లలో నిజంగా మందారం కోసి చూసినవాళ్లు ఎంతమందో మీకే తెలుసు. సీనియర్ రికార్డు తెచ్చుకుని దించేస్తారు. ఆ సీనియర్ తన సీనియర్‌ది దించి ఉంటాడు. శ్రీకాకుళంలో బోటనీ చెప్పుకుని బతికేదాన్ని, ఏటా ఈ రికార్డులు దిద్దేదాన్ని కాబట్టి చెబుతున్నాను. ఒక బ్యాచ్‌లో ఎవరో మర్చిపోయిన గీత, తర్వాత బ్యాచ్‌లన్నిట్లోనూ మాయమైపోతుంది.

సెలవుల్లో మా ఇంటికి వచ్చే పిల్లలకి నేను నేర్పేది వేరే రకం బొమ్మ. కెమెరాలు లేని రోజుల్లో ఓడలెక్కి కొత్త తీరాలకి వెళ్లిన చిత్రకారులు వేసిన రకం. ఆ మొక్కను ఎన్నడూ చూడనివాడు కూడా కాగితం చేతిలో పట్టుకుని దాన్ని గుర్తుపట్టగలగాలి. అందంగా వస్తే మంచిదే గానీ, అసలు పని అది కాదు.

ఈ పద్ధతికి ఆయువుపట్టు ఒకటే: ఏది ముందు పాడవుతుందో అది ముందు కాగితం మీదకి ఎక్కాలి. రంగు ముందు పోతుంది. తర్వాత ఒంపు, నిలబడే తీరు పోతాయి. ఈనెలు, ముళ్లు, గింజలు ఎక్కడికీ పోవు, వాటికి సాయంత్రం దాకా టైముంది. బడిలో నేర్చుకున్నది దీనికి పూర్తిగా తలకిందులు. అక్కడ ముందు అవుట్‌లైన్, తర్వాత షేడింగ్, ఆఖర్న తీరిగ్గా రంగు. కుండనో కుర్చీనో గీయడానికి అది సరిపోతుంది.

సిడ్నీ పార్కిన్‌సన్ అనే స్కాట్లాండ్ కుర్రాడు 1768లో కెప్టెన్ కుక్ ఓడ ఎండీవర్ ఎక్కాడు. జోసెఫ్ బ్యాంక్స్ అనే డబ్బున్న ప్రకృతి పిచ్చివాడు, డేనియల్ సొలాండర్ అనే వృక్షశాస్త్రవేత్త ఒడ్డుకి దిగి మొక్కలు కోసుకొస్తుంటే ఇతను గీయాలి. ఆస్ట్రేలియా తూర్పు తీరం చేరేసరికి మొక్కలు కుప్పలుగా వచ్చిపడ్డాయి. 1770 మే నెలలో 14 రోజుల్లో 94 స్కెచ్‌లు వేశాడని బ్యాంక్స్ తన డైరీలో మెచ్చుకుంటూ రాసుకున్నాడు. అంత వేగం ఎలా సాధ్యమంటే, మొక్క మొత్తాన్నీ పెన్సిల్‌తో గీసి, ఒక ఆకుకో ఒక పువ్వుకో మాత్రం రంగు వేసి, మిగతా రంగుల సంగతి కాగితం మీద మాటల్లో రాసి పెట్టేవాడు. కోసిన మొక్కల్ని తడిబట్టలో చుట్టి రేకుపెట్టెల్లో ఉంచేవారు. తర్వాత తీరిగ్గా పూర్తి చేద్దామనుకున్నాడు పాపం. 1771 జనవరిలో బటావియా (ఇప్పటి జకార్తా) దాటాక జబ్బుచేసి సముద్రం మీదే పోయాడు. అప్పటికి పాతికేళ్లవాడు. లండన్‌లో వేరే చిత్రకారులు ఆ ఒక్క ఆకు రంగూ, ఆ రాతలూ చూసి మిగతాది పూర్తి చేశారు. బ్యాంక్స్ 743 రాగిపలకలు చెక్కించాడు. రంగుల్లో అవి అచ్చయింది మాత్రం 1980 నుంచి 1990 మధ్య!

పిల్లలకి ఈ కథ చెప్పాక ఒక మాట అంటాను: రేపు ఈ కాగితం మీరు పూర్తి చెయ్యరు, ముక్కూమొహం తెలియని మనిషి ఎవరో పూర్తి చేస్తారు అనుకుని గీయండి. అప్పుడు చేతిరాత కూడా బాగుపడుతుంది.

మన వైపు కథలోనూ ఆ బ్యాంక్సే కనిపిస్తాడు. విలియం రాక్స్‌బరో 1780లలో సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ డాక్టరు. అతను మన చిత్రకారుల్ని పెట్టుకుని మొక్కల బొమ్మలు వేయించాడు. వాటిలోంచి ఎంచిన 300 బొమ్మలు కోరమాండల్ తీరం మొక్కల పేరుతో 1795 నుంచి 1820 దాకా విడతలుగా లండన్‌లో అచ్చయ్యాయి. ఆ ఎంపికలో, పర్యవేక్షణలో బ్యాంక్స్ చెయ్యి ఉంది. మోదుగ, తునికి, బిల్లు, సోమిద, మనం రోజూ బస్సులోంచి చూసే చెట్లే అవన్నీ. విశాఖపట్నంలో ఉన్న కంపెనీ ప్రకృతి శాస్త్రవేత్త ప్యాట్రిక్ రసెల్ ఈ తీరం పాముల మీద 1796లో, విశాఖ రేవులో దొరికిన రెండు వందల చేపల మీద 1803లో పుస్తకాలు తెచ్చాడు. రాక్స్‌బరో పేరు చెట్లకి పెట్టారు, రసెల్ పేరు రక్తపింజరికి పెట్టారు. రాక్స్‌బరో దగ్గర కూర్చుని బొమ్మలు వేసిన మనవాళ్ల పేర్లు ఆ పలకల మీద లేవు. అందుకే కాగితం కింద సంతకం, ఊరు పేరు లేకపోతే నా దగ్గర మార్కుల్లేవు.

సామాను

దీనికోసం విశాఖ పరిగెత్తక్కర్లేదు, స్కూలు సామాన్ల కొట్లో దొరికేదే చాలు. 2హెచ్ పెన్సిల్ ఒకటి, హెచ్‌బి ఒకటి. బయటికి తీసుకెళ్లడానికి డ్రాయింగ్ షీట్లు, ఫైనల్ బొమ్మకి మాత్రం 300 జీఎస్ఎమ్ వాటర్ కలర్ పేపరు. ఇక్కడ పిసినారితనం పనికిరాదు, పల్చటి కాగితం తడికి ఉబ్బి బొమ్మ మొత్తం పాడుచేస్తుంది. ట్యూబు రంగులు, గుండ్రటి బ్రష్షులు 0, 2, 5 నంబర్లవి. జామెట్రీ బాక్సులోని డివైడరు, స్టీలు స్కేలు, కొత్త బ్లేడు, భూతద్దం. పాత తువ్వాలు ఒకటి తడిపి స్టీలు క్యారేజీలో వేసుకుంటే బ్యాంక్స్ రేకుపెట్టె మన చేతిలో ఉన్నట్టే. తెల్లరంగు ట్యూబు సెట్టులో ఎలాగూ వస్తుంది, దాన్ని ఇంట్లోనే వదిలెయ్యండి. కాగితమే మీ తెలుపు.

ఇంకో వస్తువు చెబితే అందరూ నవ్వుతారు: దోమతెర. 1769లో తాహితీ దీవిలో పార్కిన్‌సన్ బొమ్మ వేస్తుంటే ఈగలు వాలి, వేసిన రంగు వేసినట్టే నాకేసేవట. చివరికి మనిషినీ కుర్చీనీ బొమ్మనీ కలిపి తెరలో కూర్చోబెట్టాల్సి వచ్చింది. కళింగపట్నంలో ఎండుచేపల పక్కన కూర్చుని వాటర్ కలర్ వేసి చూడండి, నవ్వు ఆగిపోతుంది.

రంగుల పట్టీ

బయల్దేరే ముందు ఇంట్లో చేయాల్సిన పని ఇది. అందరూ దాటేస్తారు, నా లెక్కలో సగం విద్య ఇందులోనే ఉంది.

ఫెర్డినాండ్ బాయర్ అనే ఆస్ట్రియా చిత్రకారుడు 1801లో మాథ్యూ ఫ్లిండర్స్ ఓడ ఇన్వెస్టిగేటర్‌లో ఆస్ట్రేలియా వెళ్లాడు. ఆయన ఒడ్డు మీద రంగులు ముట్టలేదు. పెన్సిల్‌తో గీసి, ఆకు మీద, రేకు మీద, తొడిమ మీద నంబర్లు వేసేవాడు. ఒక్కో నంబరూ ఒక్కో రంగు ఛాయ. అలాంటివి దాదాపు వెయ్యి! ఏళ్ల తర్వాత ఇంగ్లాండులో కూర్చుని ఆ నంబర్లు చూసుకుంటూ రంగులు వేస్తే, నిన్న కోసిన పువ్వులా వచ్చేవి.

మనకి వెయ్యి అక్కర్లేదు, నూరు నూటయాభై గళ్లు దండి. మందం కాగితం మీద అంగుళం గళ్లు గీయండి. పసుపు రెండు రకాలు (ఒకటి నిమ్మపండు ఛాయ, ఒకటి మామిడిపండు ఛాయ), ఎరుపు రెండు రకాలు, నీలం రెండు, ఇటుకరంగు ఒకటి, ఈ ఏడు ట్యూబులు తీసుకోండి. రెండేసి ట్యూబులు జత చేసి, మొదటిది ఎక్కువ రెండోది చిటికెడు దగ్గర మొదలుపెట్టి, అంచెలంచెలుగా రెండోది పెంచుకుంటూ పోండి. ప్రతి గడిలో సగం చిక్కగా, సగం నీళ్లలా పల్చగా వేయండి. గడికి నంబరు ఇచ్చి, ఏ ట్యూబు ఎంత కలిపారో పక్కన రాయండి. ఆరాక చూసే రంగే లెక్క, తడి మీద చూసింది కాదు.

అచ్చయిన పట్టీ కొని తెస్తామంటారు కొందరు. మీ ట్యూబులతో కలిపి ఆ రంగు తేలేనప్పుడు ఆ పట్టీ ఎందుకు? ఫోన్లో ఫోటో తీసి రంగు చూసుకోవడమైతే అసలొద్దు. ఊదా రంగుల దగ్గర ఫోను పచ్చి అబద్ధాలు చెబుతుంది. ఆకు మడతల కోసం, పక్క కొమ్మ ఎటు వంగిందో గుర్తు కోసం ఫోటో తీసుకోండి, అంతవరకే.

మొక్క: బాలబంద తీగ

మొదటి పాఠానికి నేను ఎప్పుడూ కళింగపట్నం ఇసుకలోని బాలబంద తీగనే ఎంచుకుంటాను. ఎక్కడ చూసినా ఉంటుంది, కోస్తే ఎవరూ ఏమీ అనరు, పైగా గురువులా తరుముతుంది. పొద్దున విచ్చిన పువ్వు ఎండ ముదిరేసరికి ముడుచుకుపోతుంది. ఏడింటికల్లా అక్కడుండాలి.

కాగితం మూలన ముందు ఊరు, తేదీ, టైము, అలల గీతకి ఎన్ని అడుగుల దూరం, ఎలాంటి ఇసుక, అక్కడివాళ్లు దాన్ని ఏమంటారు, ఆ పేరు చెప్పినవాళ్లది ఏ ఊరు, ఇవి రాయండి. పేరు ఊరూరికీ మారుతుంది కాబట్టి ఊరు రాయడం ముఖ్యం.

ఇక పువ్వు. గీయకుండా రంగుల పట్టీని పువ్వు పక్కన పెట్టి నంబర్లు చూడండి. అంచు లేత గులాబీ ఊదా, గొంతులోకి వెళ్లేకొద్దీ చిక్కబడుతుంది. గరాటాలాంటి ఆ పువ్వుకి అయిదు పట్టీలు నక్షత్రంలా కనిపిస్తాయి. పట్టీకి ఒక నంబరు, పట్టీకీ పట్టీకీ మధ్య జాగాకి ఇంకో నంబరు, బయటివైపు వేరే నంబరు. మొగ్గ మెలితిరిగి ఉంటుంది, దానిది మళ్లీ వేరే రంగు. చిన్న వృత్తం గీసి దాని మీదే నంబర్లు వేసేయండి, ఇప్పుడు అందం గురించి టెన్షన్ వద్దు. తర్వాత డివైడరుతో పువ్వు వెడల్పు, గొట్టం పొడవు కొలిచి ఆ డివైడరునే తీసుకెళ్లి కాగితం మీద గుచ్చండి. అసలు సైజులోనే గీయాలి. పెద్దదో చిన్నదో చేయాల్సి వస్తే పక్కన స్కేలు గీత తప్పనిసరి.

రెండో పువ్వుని బ్లేడుతో నిలువుగా చీల్చండి. కేసరాలు అయిదు, అయిదూ ఒకే ఎత్తులో ఉండవు. పొట్టీ పొడుగూ ఏది ఎక్కడుందో చూసినట్టే గీయండి. కాడల మొదట్లో భూతద్దానికి సన్నటి నూగు కనిపిస్తుంది. రికార్డు బొమ్మలకి అలవాటుపడ్డ చెయ్యి అయిదింటినీ సమానంగా దువ్వేస్తుంది, అక్కడ జాగ్రత్త.

ఎనిమిదిన్నర దాటాక ఆకులకి రండి. దళసరి ఆకు, కొస దగ్గర మేక గిట్టలా చీలి ఉంటుంది. తొడిమ ఆకుని కలిసేచోట తిప్పి చూస్తే రెండు చిన్న గ్రంథులు ఉంటాయి. చీమలు తిరుగుతుంటే అక్కడే తిరుగుతాయి. ఒక ఆకుని ముందువైపు, ఒకదాన్ని వెనక్కి తిప్పి గీయండి, రెండు ముఖాలూ చూపించాలి. తుంచితే పాలు కారి కాగితం మీద మరకలు పడతాయి, తుంచిన కొస తడి తువ్వాలులో పెట్టండి. ఈ దశలో పార్కిన్‌సన్‌లా ఒక్క ఆకుకి మాత్రం అక్కడే పూర్తిగా రంగు వేయండి. మిగతా ఆకులు గీతలే.

తీగ పొడుగు బారలకొద్దీ ఉంటుంది, కాగితం పట్టదు. వేళ్లు దిగిన ఒక కణుపుని నడిమధ్య పెట్టుకుని అటూ ఇటూ జానెడు గీసి, తెగ్గోసినట్టు చూపించి ఆపేయండి. కణుపు దగ్గర వేళ్లు ఇసుకలోకి దిగితే, పువ్వు కాడ మాత్రం నిటారుగా లేస్తుంది. ఆ రెండు దిక్కులూ కనిపించకపోతే అది ఇసుకతీగే కాదు. కాయ ఉంటే పగలగొట్టండి, లోపల గింజల మీద గోధుమరంగు నూగు ముఖమల్‌లా ఉంటుంది. కాయ వేరే తీగది అయితే ఆ మాట రాయాలి.

కాయ దొరకలేదా? ఆ జాగా ఖాళీగా వదిలెయ్యండి. నెట్‌లో చూసి నింపొద్దు. ఊహించి నింపితే ఏమవుతుందో చెప్పడానికి స్వర్గపక్షుల కథ ఒక్కటి చాలు. 1522లో, ఓడల్లో మొదటిసారి భూమి చుట్టొచ్చిన మాజెల్లాన్ యాత్రలో మిగిలినవాళ్లు ఆ పక్షుల చర్మాలు యూరప్ తెచ్చారు. న్యూగినీ వైపు వ్యాపారానికి సిద్ధం చేసేటప్పుడు కాళ్లు తీసేసేవారు. కాళ్లు లేకుండా వచ్చినవాటిని చూసి అవి ఎన్నడూ నేల మీద వాలవని, మంచు తాగి బతుకుతాయని జనం నమ్మారు. కాళ్లు లేకుండా, గాల్లో తేలుతున్నట్టు బొమ్మలు వేశారు. 1758లో, జీవులకి రెండు మాటల పేర్లు పెట్టే పద్ధతి తెచ్చిన లిన్నేయస్ దానికి శాస్త్రీయ నామం పెట్టేటప్పుడు కూడా ఆ కథే వాడి అపోడా, అంటే కాళ్లులేనిది, అని పెట్టాడు. ఆ పేరు ఇప్పటికీ అలాగే ఉంది. 'కాళ్లు నేను చూడలేదు' అని మొదటి చిత్రకారుడు మూలన ఒక ముక్క రాసి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు.

మొక్కని గీయడం అయ్యాక పాత న్యూస్‌పేపర్ల మధ్య పెట్టి, మీద బరువు పెట్టండి. బాలబంద ఆకు నీరుపట్టి ఉంటుంది కాబట్టి పేపర్లు రోజూ మార్చాలి, లేదంటే బూజు పడుతుంది. ఎండీవర్‌లో కూడా అచ్చయి అమ్ముడుపోని పుస్తకం కాగితాల మధ్యే మొక్కలు ఆరబెట్టారు. పేపరు ఏదైనా ఒకటే, పీల్చుకోవాలి అంతే.

చేప: కనగర్త

తెల్లారగట్ల పడవలు ఒడ్డెక్కే టైముకి వెళ్లాలి. బుట్టలోకి పోసిన చేపల పక్కన కాగితాలు పట్టుకుని కూర్చుంటే, "ఏటమ్మా, కొంతావా, బొమ్మలేసుకోనొచ్చినావా?" అని అడుగుతారు. "రెండూ అప్పా, ముందు ఒకటియ్యి" అని డబ్బులిచ్చి, కొట్టుకుంటున్న చేపని తీసుకోండి. బేరం తర్వాత చేయొచ్చు, రంగు మాత్రం ఆగదు.

కనగర్తనే ఎందుకంటే, ఈ పద్ధతి ఎందుకు పుట్టిందో అది కళ్లముందే చూపించేస్తుంది. నీళ్లలోంచి అప్పుడే తీసినప్పుడు వీపు నీలం ఆకుపచ్చ కలిసి మెరుస్తుంది. వీపు పక్కన పొడుగునా సన్నటి గీతలు బంగారు రంగులో ఉంటాయి. మీరు చూస్తుండగానే ఆ బంగారం మాసి గీతలు నల్లబడతాయి. బజార్లో చేపని చూసి బొమ్మ వేసినవాళ్లు ఆ గీతల్ని నల్లగానే వేస్తారు, వాళ్ల తప్పేమీ లేదు, ఆలస్యంగా చూశారు. అందుకే ముందు నంబర్లు, అదీ నీడలో, చేప మీద నీళ్లు చల్లుతూ. వీపుకి, గీతలకి, పొట్టకి, కంటికి, రెక్కల అంచులకి. ఎన్నింటికి చూశారో గడియారం టైము రాయండి. గంట తర్వాత అదే చేపకి మళ్లీ నంబర్లు వేసి రెండో వరసలో రాస్తే ఇంకా మంచిది.

రంగు అయిపోయాక తొందర లేదు. చేపని థర్మాకోల్ ముక్క మీద పడుకోబెట్టండి, తల ఎడమవైపు. చేపల బొమ్మల్లో అదే ఆచారం, అందరూ ఒకేలా వేస్తే పోల్చడం తేలిక. వీపు మీది మొదటి రెక్క వాలిపోయి ఉంటుంది, గుండుసూదులతో లేపి నిలబెట్టండి. ముళ్లు లెక్కపెట్టి ఆ అంకె రాయండి. 8 నుంచి 11 మధ్య వస్తుంది. రెండో రెక్క తర్వాత తోకదాకా బుల్లి రెక్కలు వరసగా ఉంటాయి, మామూలుగా పైన అయిదు, కింద అయిదు. పక్క రెక్క కింది అంచు దగ్గర ఒక నల్లమచ్చ ఉంటుంది, రెక్క ఎత్తి చూడకపోతే దొరకదు. డివైడరుతో మొత్తం పొడవు, తల పొడవు, కన్ను వెడల్పు, రెక్క ఎక్కడ మొదలవుతుందో ఆ దూరం తీసుకోండి. ఈ నాలుగు కొలతలు సరిగ్గా పడితే మిగతా ఒళ్లు దానంతట అదే కుదురుతుంది.

వెండి మెరుపు వేయడానికి సిల్వర్ కలర్ వాడొద్దు, పెళ్లికార్డులా ఉంటుంది. నీలం, ఇటుకరంగు కలిపితే వచ్చే బూడిదరంగుని పల్చగా పొట్ట కింద వేసి, వెలుగు పడేచోట కాగితాన్ని తెల్లగా వదిలేయండి. పొలుసులు అన్నీ గీయడం అనవసరం, ఒకచోట కొన్ని వరసలు వివరంగా వేసి మిగతాది తేలికపాటి గీతలతో వదిలేస్తే కన్ను అర్థం చేసుకుంటుంది. బొమ్మకి వాడిన చేపని కూరకి వాడకండి. పిల్లులున్నాయి.

రసెల్ తన పుస్తకంలో చేపలకి ఇక్కడి బెస్తవాళ్లు చెప్పిన పేర్లే వేశాడు. ఆ పుస్తకం ఆధారంగానే ఫ్రాన్సులో కువియే అనే జంతుశాస్త్రవేత్త ఈ చేపకి పేరు పెట్టాడు కాబట్టి ప్రపంచంలో ఏ దేశం చేపల పుస్తకంలో చూసినా ఇది రాస్ట్రెల్లిజర్ కనగుర్టానే. చేప అమ్మిన అప్ప చెప్పిన పేరు మూలన రాయమని నేను పోరేది అందుకే.

పిట్టల సంగతి క్లుప్తంగా చెబుతాను. పాతరోజుల్లో తుపాకీతో కొట్టి, చేతిలో పెట్టుకుని గీసేవారు. మనకి ఆ అవసరమూ లేదు, అధికారమూ లేదు. మా జిల్లాలో వలస పక్షులు వచ్చే తేలినీలాపురంలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఉన్న సీజన్‌లో దూరంగా కూర్చుని బైనాక్యులర్స్‌తో చూస్తూ ముక్కు, కాళ్లు, కంటి చుట్టూ ఉండే చర్మం రంగు నంబర్లు వేసుకోండి. ఈకల రంగు మ్యూజియంలోని పక్షిలో కూడా మిగులుతుంది గానీ ఈ మూడూ పక్షి చచ్చాక మిగలవు. గూళ్ల కిందకి వెళ్లి పిల్లల్ని బెదరగొట్టొద్దు. ఒడ్డుకి కొట్టుకొచ్చిన తాబేలు కనిపిస్తే అక్కడే కూర్చుని గీసుకోండి, చిప్ప ఇంటికి తేవడం నేరం.

ఫైనల్ బొమ్మ

పెన్సిల్ స్కెచ్‌ని కిటికీ అద్దం మీద పెట్టి మంచి కాగితం మీదకి 2హెచ్‌తో తేలిగ్గా ఎక్కించుకోండి. వెలుగు ఎడమ పైమూల నుంచి వస్తున్నట్టు వేయడం పాత ఆనవాయితీ, షీటు మీదున్న బొమ్మలన్నిటికీ అదే దిక్కు ఉండాలి. ముందు అతి పల్చటి పూత మొత్తం ఆకు మీద, ఈనెల్ని మాత్రం వదిలేసి. ఆరాక రెండోది, ఆరాక మూడోది. వానాకాలం మన దగ్గర ఒక్కో పూత ఆరడానికి ఎంతసేపు పడుతుందో చెప్పక్కర్లేదు, ఫ్యాను కింద పెట్టుకోండి, హెయిర్ డ్రయర్ పెడితే కాగితం వంకరపోతుంది. వెనక ఆకాశం, సముద్రం, లైట్‌హౌసు వేయాలని పిల్లలకి మహా సరదా. అది వేరే కాగితం మీద వేసుకోమంటాను. ఈ షీటు మీద మొక్క, దాని పక్కన చీల్చిన పువ్వు, గింజ, స్కేలు గీత, చుట్టూ తెల్లటి కాగితం, అంతే.

ఫైనల్ బొమ్మ వచ్చేసిందని నంబర్లున్న మురికి స్కెచ్‌ని పారేసేవాళ్లున్నారు. బొమ్మ మీద అనుమానం వస్తే చూడాల్సింది ఆ స్కెచ్‌నే, కాబట్టి రెండూ కలిపి ఒకే ఫైలులో, ప్లాస్టిక్ కవరులో కాకుండా కాగితం కవరులో పెట్టండి. తేమకి ప్లాస్టిక్‌లో రంగు అంటుకుపోతుంది. పక్కన నాఫ్తలీన్ ఉండలు వేసుకుంటే కాగితం పురుగులు రావు. మొక్క పేరు తేల్చుకోవడానికి ఏ యూనివర్సిటీ బోటనీ వాళ్లకైనా పంపేటప్పుడు ఫైనల్ బొమ్మతోపాటు స్కెచ్‌ని ముందూ వెనకా స్కాన్ చేసి పంపండి. రంగుల పట్టీ స్కాను కూడా జతచేయండి, లేకపోతే మీ 47వ నంబరు ఏ రంగో అవతలివాళ్లకి తెలిసే దారి లేదు.